ఫ్లెక్సీ ముక్కుకు తగిలిన గుండు

రైఫిల్ పేలినప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈ మాట నేను ఎక్కడైనా చెప్పగలను. ఆ క్షణంలో దానికి అందరికంటే దగ్గరగా ఉన్నవాణ్ణి నేనే. నా చెయ్యి రైఫిల్ పక్కనున్న బిస్కెట్ల ప్లేటు మీద ఉంది.

కంకిపాడు శివార్లలో మూతబడిన రైస్ మిల్లు ఒకటి ఉండేది. దాని గోడౌన్‌లో పిల్లలకు ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్పే కేంద్రం పెట్టారు. ఆ రోజు ప్రారంభోత్సవం. గుమ్మం దగ్గర డప్పులు మోగుతున్నాయి. ముఖ్య అతిథి మెడనిండా దండలతో లోపలికి అడుగు పెట్టారు. ఆయన మా ప్రాంతంలో ఒకప్పుడు పదవి చేసిన మనిషి. పదవి పోయినా జనం పెద్దాయన అనే అనేవాళ్లు. మొదటి గుండు ఆయన పేల్చాలి. అందుకని రైఫిల్‌లో గుండు పెట్టి, స్ప్రింగు బిగించి, షామియానా వాళ్లు తెచ్చిన రేకు బల్ల మీద సిద్ధంగా ఉంచారు.

ఆయన ఇంకా బల్ల దాకా రాలేదు. టప్ మని చప్పుడైంది. రైఫిల్ బల్ల మీద గెంతి కింద పడింది. బిస్కెట్లు కూడా పడ్డాయి.

కాసేపటికి అందరి చూపూ గోడకు కట్టిన ఫ్లెక్సీ మీదికి పోయింది. నిలువెత్తు ఫ్లెక్సీలో పెద్దాయన చేతులు జోడించి నవ్వుతున్నారు. ముక్కు కొన మీద కందిగింజంత చిల్లు.

"అన్న మీద కాల్పులు జరిగినయ్" అన్నాడు అనుచరుడు వీరబాబు.

అసలు అన్న ఆ ఫ్లెక్సీ పక్కనే క్షేమంగా నిలబడి తన ముక్కు తడిమి చూసుకుంటున్నారు.

బల్ల మీద చూడాలి

విజయవాడలో ఒక దినపత్రికకు విలేఖరిగా తొంభైల్లో చేరాను. రెండు వేల తర్వాత కూడా చాలాకాలం అదే పని చేశాను. ఇప్పుడు ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు పరిశోధన గురించీ ధైర్యం గురించీ అడుగుతారు. కుర్చీల గురించి ఎవరూ అడగరు. ఈ పనిలో ఎక్కువ భాగం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మొదలుకాని సభ మొదలవడం కోసం ఎదురుచూడటమే. నడుము గట్టిగా ఉన్నవాళ్లు రావాలి.

సభలో వేదిక మీద మాట్లాడేవాడిని చూడనక్కర్లేదు. ఏం మాట్లాడతాడో ముందురోజే తెలుస్తుంది. ఆయన ముందున్న బల్లను చూడాలి. పామర్రులో ఒక అధికారి మంచినీటి సమస్య పూర్తిగా తీరిపోయిందని చాలాసేపు ప్రసంగించాడు. గొంతు ఆరిపోతే బల్ల మీద గ్రామస్థులు పెట్టిన గ్లాసు పక్కకు జరిపి, సంచిలోంచి సొంత సీసా తీసుకుని తాగాడు. ప్రసంగం గురించి ఒక వాక్యం, సీసా గురించి రెండు వాక్యాలు రాశాను. ఆ ఊరివాళ్లు చాలాకాలం నాకు మజ్జిగ పోశారు.

మా బ్యూరో చీఫ్ మూర్తిగారు గవర్నర్‌పేట ఆఫీసులో ఒక చెక్క బీరువాకు ఆనుకుని కూర్చునేవారు. పొద్దున పూట ఆయనంత మంచి జర్నలిస్టు నాకు మరొకరు తెలియదు. "నువ్వు చూసిందైతే చూసినట్టు రాయి. విన్నదైతే ఎవరు చెప్పారో రాయి. రెండూ కాకపోతే ఇంటికి పో" అనేవారు. సాయంత్రమయ్యేసరికి మొదటి పేజీ ఖాళీ ఆయన మీదికి వచ్చేది. అప్పుడు ఆయనే, "ఏవయ్యా, కాస్త రక్తం దొరకదా?" అని అడిగేవారు. ఆయన్ని నేను గౌరవించాను, కానీ పొద్దున చెప్పినవే పాటించాను. మీ పై అధికారి ఏ పూట ఎలా ఉంటాడో చేరిన మొదటి నెలలోనే తెలుసుకోండి.

ట్రిగ్గర్ ఎందుకు మార్చారంటే

ఆ షూటింగ్ కేంద్రం రత్నకుమారి టీచర్‌ది. పామర్రు వైపు ఒక బడిలో డ్రిల్లు టీచరు. పొడుగ్గా ఉండేది. గొంతులో ఎప్పుడూ ఈల ఉన్నట్టే మాట్లాడేది. ఆదివారం చర్చి అయ్యాక ఆడపిల్లల్ని పోగుచేసి గురి నేర్పేది. ఆమెకు ఒకటే నియమం. గుండు ఉన్నా లేకపోయినా రైఫిల్ గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. "ప్రార్థనలో కళ్లు మూసుకున్నా గొట్టం ఎటుందో మీకు తెలియాలే" అని పిల్లల్ని కేకలేసేది.

ఉన్న రైఫిళ్లలో ఒకటే పోటీకి పనికొచ్చేది. దాని ట్రిగ్గర్ మాత్రం చేతిపంపు కొట్టినంత బరువు. పిల్లలు వేలితో లాగలేక భుజంతో లాగేవాళ్లు, గురి పక్క ఊరికి పోయేది. అందుకని టీచర్ ఢిల్లీ నుంచి వేరే కంపెనీ తయారుచేసిన తేలికపాటి ట్రిగ్గర్ తెప్పించింది. పాతది పీకి కొత్తది బిగించే పని కరీం భాయ్‌కి అప్పగించింది.

కరీం భాయ్‌ది గవర్నర్‌పేటలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. మా ఆఫీసు మెట్లు దిగితే ఎదురుగా కనిపించేవాడు. స్ప్రింగు ఉన్న ప్రతి వస్తువూ కుట్టుమిషన్‌కు చుట్టమేనని ఆయన నమ్మకం. తాళాలు, గోడ గడియారాలు, ఒకసారి ఒక డాక్టరు గారి బీపీ మిషనూ ఆయన చేతిలో పడ్డాయి. బీపీ మిషన్ తర్వాత ఆ డాక్టరు గారి పేషెంట్లందరికీ ఆరోగ్యం బాగుపడిందని చెప్పుకునేవాళ్లు.

కొత్త ట్రిగ్గర్ బిగించిన రోజున ఆయన నన్ను దుకాణంలోకి పిలిచి చూపించాడు. లోపల రెండు ఉక్కు ముక్కలు ఒకదాని అంచుకు ఒకటి తగులుకుని ఉంటాయి. ట్రిగ్గర్ లాగితే అంచు జారి స్ప్రింగు వదులుతుంది. అంచు ఎంత తగులుకోవాలో ఒక చిన్న స్క్రూ తేలుస్తుంది. ఆయన దాన్ని ఎంత తిప్పాలో అంత తిప్పి, పనితనం చూపించడానికి ఇంకాస్త తిప్పాడు.

"ఊపిరి తగిల్తే చాలండీ" అన్నాడు గర్వంగా.

ఆ మాట తర్వాత బాగా పనికొచ్చింది, ఆయనకు కాదు.

పెద్దాయన వంగకూడదు

గుండు పెట్టి, స్ప్రింగు బిగించి, రైఫిల్‌ను బల్ల మీద ఎవరైనా వదిలేస్తారా? టీచర్ ఒప్పుకోలేదు. ఆ రైఫిల్‌కి గొట్టాన్ని మధ్యకు విరిచినట్టు వంచితేనే స్ప్రింగు బిగుస్తుంది. దానికి కాస్త ఒళ్లు వంచాలి, పళ్లు బిగించాలి. పెద్దాయన జనం ముందు పళ్లు బిగిస్తే ఏం బాగుంటుందని గోడౌన్ యజమాని వాదించాడు. గోడౌన్ ఆయనది కాబట్టి వాదన ఆయనదే గెలిచింది. ఆయన కొబ్బరికాయ కొట్టించి, రైఫిల్‌కు పసుపు కుంకుమలు పెట్టించాడు కూడా. టీచర్ పక్కకు పోయి ప్రార్థన చేసుకుంది. కరీం భాయ్ బిస్మిల్లా అనుకుని చివరిసారి స్క్రూ తడిమాడు. అన్ని వైపుల నుంచీ దీవెనలు అందుకున్న రైఫిల్ అది.

నా వృత్తిలో చూసిన ప్రమాదాల్లో యంత్రాల వల్ల జరిగినవి కొన్నే. మర్యాదల వల్ల జరిగినవి చాలా. అతిథి ఎక్కలేడని వేదికకు మెట్టు తగ్గిస్తే వేదిక కూలిన సంగతీ చూశాను, ఆయన చెయ్యి కాలకూడదని జ్యోతికి ముందే నూనె దట్టంగా పోస్తే శాలువా అంటుకున్న సంగతీ చూశాను. ప్రమాదం గురించి రాసేటప్పుడు ఎవరికి మర్యాద చేయబోయారో ముందు కనుక్కోండి.

గన్‌మెన్ సంగతి

ఆ రోజుల్లో రాజకీయ నాయకుడికి పదవి ఉన్నా లేకపోయినా వెనక ఇద్దరు గన్‌మెన్ ఉంటే ఆ దర్జా వేరు. పెద్దాయనకు పదవితోపాటు గన్‌మెన్ కూడా పోయారు. మళ్లీ ఇవ్వాలంటే ప్రాణహాని ఉన్నట్టు తేలాలి. ఆయన ప్రాణానికి హాని తలపెట్టేంత శ్రద్ధ ఎవరూ చూపడం లేదు. అటువంటి సమయంలో ఫ్లెక్సీ ముక్కుకు చిల్లు పడింది. వీరబాబు ముఖంలో ఆ సాయంత్రం కనిపించిన వెలుగు నాకు ఇంకా గుర్తు.

ఇది ప్రత్యర్థుల కుట్ర అనీ, టీచరమ్మను పావుగా వాడుకున్నారనీ అతను స్టేషన్ ముందు మనుషులతో బైఠాయించాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు రైఫిల్ స్వాధీనం చేసుకుని, గోడౌన్‌కు తాళం వేయించి, టీచర్‌ను పొద్దున్నే రమ్మన్నాడు. ఆమె తన మీద కేసుకు భయపడలేదు. వచ్చే ఆదివారం పిల్లలకు రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ. పనికొచ్చే రైఫిల్ అది ఒక్కటే. కుట్ర అని రాసుకుంటే అది కోర్టు గదిలోకి పోతుంది, పిల్లలు ఇంటికి పోతారు. దానంతట అదే పేలిందని తేలితే రైఫిలూ, గోడౌన్ తాళంచెవీ రెండూ తిరిగొస్తాయి. అంతే సంగతి.

మూర్తిగారికి ఫోన్ చేశాను. అప్పటికే సాయంత్రం.

"నేతపై కాల్పులు, మొదటి పేజీ" అన్నారు.

"నేత మీద కాదండీ, ఫ్లెక్సీ మీద. అది కూడా ఎవరూ కాల్చలేదు."

అటునుంచి టీ తాగుతున్న చప్పుడు వచ్చింది. చివరకు లోపలి పేజీలో వచ్చిన శీర్షిక: నేత చిత్రపటానికి గాయం. ఆసుపత్రి పేరు రాయనందుకు డెస్క్ వాళ్ల మీద నాకు కొంత గౌరవం కలిగింది.

పేలనంటే పేలనంది

మర్నాడు స్టేషన్‌లో పరీక్ష. ఇన్‌స్పెక్టరు నిదానమైన మనిషి. పాత టేకు బల్ల మీద రైఫిల్ పెట్టించి, గొట్టం ఎదుట గోడ వారగా ఊక బస్తాలు పేర్చించి, అటువైపు ఎవరూ పోకుండా తాడు కట్టించాడు. టీచర్ గుండు పెట్టి స్ప్రింగు బిగించి పక్కకు తప్పుకుంది. అందరం వెనక నిలబడి రైఫిల్ వంక చూశాం. అది కదల్లేదు.

చెడిపోయిన వస్తువు బాగుచేసేవాడి ముందు బాగా పనిచేస్తుందని ఇంట్లో మిక్సీ ఉన్న ప్రతివాడికీ తెలుసు. తలుపు గట్టిగా వేశారు. ఒక కానిస్టేబుల్ పక్కన గెంతాడు. ఇంకొకతను లాఠీ కింద పడేశాడు. ఇన్‌స్పెక్టరు బల్లను గుద్ది చెయ్యి నొప్పి పెట్టించుకున్నాడు. రైఫిల్ నిద్రపోతున్నట్టే ఉంది.

"చూశారా సార్, ఎంత బుద్ధిమంతురాలో. కావాలని కాలిస్తే తప్ప పేలదండి" అన్నాడు వీరబాబు.

కరీం భాయ్‌ని పిలిపించారు. ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. కొత్త ట్రిగ్గర్‌లో లోపముందా అని అడిగితే ఛాతీ విరిచాడు. తన చేతి పనిలో లోపం ఉండదట. మొదట కుంకుమ మీద నెట్టాడు. గుండు తీసేసి, విప్పి చూస్తే లోపల నిజంగానే కాస్త కుంకుమ ఉంది. ఊది, బ్రష్షుతో తుడిచి, మళ్లీ బిగించి పెట్టాడు. అప్పుడూ పేలలేదు. కుంకుమ ఉన్నా పేలలేదు, లేకపోయినా పేలలేదు. ఆ సంగతి ఆయనకు సంతోషంగానే ఉంది.

"నా ట్రిగ్గర్ రాయిలాంటిదండీ సార్. లాగితేనే కదులుద్ది" అన్నాడు.

టీచర్ ఆయన వైపు తిరిగింది. "భాయ్, నేను జైలుకు పోయినా ఫర్లేదు గానీ, నీ ట్రిగ్గర్‌కి మాట రాకూడదా?"

"అది కాదమ్మా. బజార్లో పేరు…"

"ఊపిరి తగిల్తే చాలన్నావంట కదా. ఊదు మరి. అందరూ చూస్తున్నారు, ఊదు."

కరీం భాయ్ నా వంక చూశాడు. ఆ మాట ఆమెకు ఎవరు చేరవేశారో ఆయనకు అర్థమైంది. విలేఖరి దగ్గర గొప్పలు చెప్పకూడదని అందరికీ బడిలోనే నేర్పితే బాగుంటుంది. పాపం, ఆయన నిజంగానే వంగి ట్రిగ్గర్ మీద ఊదాడు. ఏమీ కాలేదు.

ప్లేటు నడిచింది

ఇక మిగిలింది దగ్గరి సాక్షి. ఇన్‌స్పెక్టరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"పేలినప్పుడు మీరేం చేస్తున్నారండీ?"

"బిస్కెట్ల ప్లేటు పట్టుకున్నా."

"తినడానికా?"

"పడిపోతుందని."

"బల్ల మీదున్న ప్లేటు ఎందుకు పడిపోద్ది?"

"అంచుకు వచ్చేసింది సార్. నడుస్తోంది."

వీరబాబు నవ్వాడు. కానిస్టేబుళ్లు నవ్వారు. టీచర్ నవ్వలేదు. ఆమె ఇన్‌స్పెక్టరు గారి టేకు బల్ల మీద చెయ్యి వేసి, ఒకసారి చరిచి, వంగి దాని కిందికి చూసింది.

"సార్, మీది టేకు బల్ల. అక్కడిది రేకు బల్ల. పైగా డప్పులు మోగుతున్నాయి. ఆ బల్లా, ఆ డప్పులూ తెప్పించండి సార్."

పోలీసులు పిలిస్తే డప్పు వాయించేవాళ్లు భయపడరా? ఏసోబు బృందం మొదట పొలాల్లోకి పరుగెత్తింది. అరెస్టు కాదు, వాయించడానికే అని చెప్పి తీసుకురావడానికి మధ్యాహ్నమైంది. రేకు బల్ల ఇంకో ఊళ్లో పెళ్లికి పోయింది. అక్కడ దాని మీద గారెల గంపలు ఉంటే దింపించి, జీపు పైన కట్టి తెచ్చారు. ఇన్‌స్పెక్టరు పద్ధతైన మనిషి కాబట్టి అచ్చం అలాగే ఉండాలని బిస్కెట్లు కూడా తెప్పించాడు. దారి బంకులో అవే రకం దొరికాయి.

ముందు డప్పులు లేకుండా రేకు బల్ల మీద పెట్టి చూశారు. పేలలేదు. తర్వాత టేకు బల్ల మీద పెట్టి డప్పులు కొట్టించారు. కిటికీ ఊచలు మోగాయి, రైఫిల్ పేలలేదు. అప్పుడు రేకు బల్ల మీదికి మార్చి, ఊక బస్తాల వైపు గొట్టం పెట్టి, పక్కన ప్లేటు పెట్టి, ఏసోబుకు సైగ చేశారు.

ఏసోబు మెల్లగా ఎత్తుకున్నాడు. రేకు జుమ్మని మోగడం మొదలైంది. ప్లేటు ముందు వణికింది, తర్వాత చీమ మోస్తున్నట్టు కదిలింది. డప్పులవాళ్లు ముఖ్య అతిథి గుమ్మం దాటినప్పుడు వేసే దెబ్బకు వచ్చారు. ప్లేటు అంచుకు చేరింది. నా చెయ్యి దానంతట అదే లేచింది.

టప్.

ఊక బస్తా నుంచి పొట్టు లేచింది. రైఫిల్ గెంతింది. బిస్కెట్లు ఈసారి నా చేతిలో ఉన్నాయి.

మళ్లీ చేయించారు. మళ్లీ పేలింది. ఇన్‌స్పెక్టరు కరీం భాయ్‌కి స్క్రూ చూపించాడు. ఆయన గుండు తీయించి, స్క్రూను వెనక్కి తిప్పి, లోపలి ముక్కలు బాగా తగులుకునేలా పెట్టాడు. ఆ తర్వాత ఏసోబు చెయ్యి నొప్పి పుట్టేదాకా వాయించినా అది పేలలేదు. వాళ్లకు ఒక స్టేషన్‌లో అంత మర్యాద ఎప్పుడూ జరగలేదట. టీ తాగి, అడగకపోయినా ఇంకో దరువు వేసి వెళ్లారు.

"ట్రిగ్గర్‌ది తప్పేం లేదండీ, బల్ల మంచిది కాదు" అన్నాడు కరీం భాయ్ దుకాణానికి పోతూ. ఆ తర్వాత కూడా అదే అన్నాడు. బల్ల గురించి నాతో చాలాసార్లు మాట్లాడాడు.

ఇందులో నాకు తెలిసింది ఇంతే. ఏదైనా ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందు దాన్ని మళ్లీ జరిపించగలగాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బల్లా డప్పూ కలిపి మార్చేసి ఉంటే తప్పు బల్లదా, డప్పులదా, రెండిటిదా అని మేం ఇంకా అక్కడే కొట్టుకుంటూ ఉండేవాళ్లం. వార్త రాసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. మనకు మళ్లీ జరిపించే వీలుండదు కాబట్టి, జరిగినప్పుడు ప్లేటు ఎటు నడుస్తోందో చూసుకోవాలి.

ఎటు పేలింది

తాళం తీశారు. ఆదివారం పిల్లలు అదే రైఫిల్‌తో పోటీకి వెళ్లారు. టీచర్ ఆ రోజు మైకు సెట్టు వాడిని వంద గజాల దూరం నెట్టించి గానీ ఒక్క గుండు కూడా పెట్టనివ్వలేదని విన్నాను. ఇద్దరు పిల్లలు ఎంపికయ్యారు.

పెద్దాయన నన్ను ఇంటికి పిలిపించుకుని కాఫీ ఇచ్చారు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరికి అసలు సంగతికి వచ్చారు.

"అయితే ఏ కుట్రా లేదంటావ్."

"లేదండీ."

"కొంచెం కూడా?"

లేదనే చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టారు. చాలా రోజుల తర్వాత మరేదో బెదిరింపు కారణంగా ఆయనకు గన్‌మెన్ వచ్చారు. ఆ వార్త వేరేవాళ్లు రాశారు.

ఒక్క సంగతి మిగిలిపోయింది. రైఫిల్ దానంతట అదే పేలిందని తేలింది. ఎటు పేలిందో తేలలేదు. గొట్టం టార్గెట్ల వైపే పెట్టానని టీచర్ బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పింది. నేనూ అదే చెబుతాను, బిస్కెట్ల ప్లేటు రైఫిల్ మడమ వైపు, అంటే భుజానికి ఆనించే చివర ఉంది. ఫ్లెక్సీ మా వెనక గోడకు ఉంది. ఇన్‌స్పెక్టరును అడిగితే, "పేలిందా లేదా అన్నదే నా పనండీ" అని లేచిపోయాడు. ఫ్లెక్సీ కట్టినవాళ్లు గాలి పోవడానికి కోతలు పెట్టడం మామూలే గానీ, ముక్కు మీద పెట్టలేదన్నారు.

ఆ ఫ్లెక్సీని ఒక రైతు వాన నుంచి ధాన్యం రాశిని కప్పుకోవడానికి తీసుకుపోయాడు. ముక్కు కింద మాత్రం రాశి తడిసిందట. గోడౌన్‌లో ఫ్లెక్సీ వెనక గోడ మీద గీత కూడా లేదు. టార్గెట్ కాగితాల మీద చిల్లు లేదు. వాటి వెనక ఇసుకను టీచర్ పిల్లలతో జల్లెడ పట్టించింది. ఆ మొదటి గుండు దొరకలేదు.